కుదరదు అనకూడదు

జూన్ 2, ఉదయం

సెమినార్ నుంచి కొత్త మాట ఒకటి మోసుకొచ్చాను. 'ఇక్కడ కుదరదు అనే మాట లేదు.' ఫ్రేమ్ కట్టించి లాండ్రీ గోడకు, స్టీమ్ ప్రెస్‌కు సరిగ్గా ఎదురుగా తగిలించాను. చెల్లి తలెత్తి చదివింది. గడియారం తీసేసి అక్కడే పెట్టాలా అక్కా, ఇప్పుడు టైమ్ ఎట్లా తెలుస్తుంది అంది. అన్నిటికీ పుల్లవిరుపు మాటలే దానికి.

నవ్వేవాళ్ళు నవ్వనీ. ఈ లాండ్రీ పుట్టిందే ఒక స్లోగన్ మీద. ఉద్యోగం పోయి మంచం దిగని రోజుల్లో అద్దం మీద సబ్బు ముక్కతో రాసుకున్నాను: 'ఈ రోజు ఒక్క తలుపు తట్టు.' రోజుకొకటి తట్టాను. చాలామంది మొహం మీదే వేశారు. తెరుచుకున్న మొదటి తలుపు చెల్లిదే. చేస్తున్న కుట్టుపని మానేసి నా వెంట వచ్చింది.

జూన్ 5

హోటల్ మేనేజర్ వచ్చాడు. నెల రోజులు ట్రయల్. దుప్పట్లు, దిండు గలీబులు, టవళ్ళు, అన్నీ తెల్లవే. ఉదయం ఇస్తే సాయంత్రానికల్లా ఇస్త్రీతో సహా ఇవ్వాలి. నచ్చితే ఏడాది కాంట్రాక్టు. కుదురుతుందా అని అడిగాడు. గోడ చూపించాను. ముచ్చటపడి ఫొటో తీసుకున్నాడు.

ఆయన వెళ్ళాక మనుషుల్ని లెక్కపెట్టుకున్నాను. ఉన్నది ముగ్గురం: నేను, చెల్లి, ప్రెస్ చూసుకునే ముసలాయన. ఆవిరి బాబాయి అంటాం.

జూన్ 9

ఎవరూ ఎదురు చెప్పడం లేదు. ఆదివారం రాగలవా బాబాయ్ అంటే చూద్దాం అమ్మా అన్నాడు. ఇంకో యాభై దుప్పట్లు ఒప్పుకుందామా అంటే చెల్లి చూద్దాంలే అక్కా అంది. బోర్డు పనిచేస్తోంది.

జూన్ 11, ఆదివారం

బాబాయి రాలేదు. ఫోన్ చేస్తే, చూద్దాం అన్నాను గానీ వస్తానన్నానా అమ్మా అన్నాడు. నడుం పట్టేసిందట, వారం దాకా లేవలేనన్నాడు. ప్రెస్ దగ్గర చెల్లి నిలబడింది.

జూన్ 14

మేనేజర్ గలీబు మీద ముడత చూపించి పెదవి విరిచాడు. నిద్ర లేదు. తిన్నది ఒంటబట్టడం లేదు. ఈ హోటల్ పోతే లాండ్రీ పోయినట్టే అనిపిస్తోంది. బోర్డు మీది మాటే జపం చేస్తున్నాను.

జూన్ 16, మధ్యాహ్నం

చెల్లి పిలిచింది. పెడల్ వదిలినా ప్రెస్ పై పలక వెంటనే లేవడం లేదట. ఒక్కోసారి దానంతటదే దిగుతోందట. మెకానిక్ రేపు గానీ రాడు. చెల్లి ఏదో అనబోయి, బోర్డు వైపు చూసి ఆగిపోయింది. సాయంత్రం దాకా లాగించగలవా అన్నాను.

చూద్దాం అంది. లాగించేస్తుంది. నా చెల్లి కదా.

జూన్ 17

చెల్లి చెయ్యి కాలింది.

జూన్ 19, ఆసుపత్రి

కుడి చెయ్యి. గలీబు సర్దుతుంటే పలక దిగింది. వేళ్ళు మునుపటిలా వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. చెల్లి భర్త నా మొహం చూడలేదు, కుర్చీ మాత్రం జరిపి ఇచ్చాడు.

కుదరదని ఒక్క ముక్క అనుంటే ఆపేసేదాన్ని కదే అని ఏడ్చాను.

ఆ మాట లేదన్నావుగా అక్కా అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. ఎత్తిపొడిచినా బాగుండేది.

జూన్ 20

బోర్డు దించి గడియారం పెట్టాను. హోటల్‌కు ఫోన్ చేసి కుదరదు అన్నాను. మొదట నోరు తిరగలేదు. మేనేజర్ సరేనండి అని పెట్టేశాడు. అంతే. ఆకాశం విరిగి మీద పడలేదు.

అద్దం మీద రాసుకున్నది నన్ను నేను లేపుకోవడానికి. గోడకు తగిలించింది ఇంకొకరి నోరు మూయడానికి. రెండూ ఒకటే అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సామెతలో ఎవరి చేతులు వాళ్ళకే కాలతాయి. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి.

ఆగస్టు 4

కట్టు విప్పారు. చూపుడు వేలు వంగడం లేదు.

మళ్ళీ నాతో పనికి వస్తావా అని అడిగాను. ఇష్టం లేకపోతే కుదరదని మొహం మీదే చెప్పమన్నాను. బతిమాలాను.

చూద్దాం అక్కా అంది.