జాలీ తీసిందెవరు?

అక్కయ్యకు,

తమ్ముడి నమస్కారాలు. నువ్వు, అమ్మాయి, అల్లుడు, పుట్టిన బుజ్జిది అందరూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకుని సంతోషించాం. ఇక్కడ మేమూ కులాసాయే అని రాయబోయి ఆగాను. అందులో కొంచెం అబద్ధం ఉంది. అది సరిచేయడానికే ఈ ఉత్తరం. కూర్చుని చదువు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. పోయిన ఉత్తరం నీ మరదలి దస్తూరీలో ఎందుకుంది, నీ చేతికేం రోగం అని అడిగావు. రోగం కాదు, గాయం. ఇప్పుడు నువ్వు చూస్తున్న ఈ కోడిగీతలు నా ఎడమచేతివి. బుజ్జిదానికి అచ్చం నా ముక్కే వచ్చిందని రాశావు. పాపం, దాని మొహం చూసి ఎవరూ నవ్వకుండా చూసుకోండి. నేనిక్కడ అమ్మాయి దగ్గరుంటే మీ బావ ఆదివారాలు మీ ఇంటికి భోజనానికి వస్తున్నారా అని మూడోది అడిగావు. దానికి కాస్త తరవాత వస్తాను.

ఏడు వారాల క్రితం, ఒక మంగళవారం. మా ఫ్యాక్టరీలో అట్టలు తడిశాయి. గోదాము కప్పు కారుతోందని ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకునేవాళ్ళు లేరు. తడి అట్ట కటింగ్ మిషన్‌లో మడతపడి ఇరుక్కుంటుంది. అది లాగడానికి చెయ్యి పెట్టాను. బ్లేడు దిగింది. నమ్ముతావో లేదో, ముందు నొప్పి తెలియలేదు. ఆ అట్ట మీద అంత ఎరుపు ఎక్కడిదా అని చూస్తూ నిలబడ్డాను. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు రెండో కణుపు దాకా పోయాయి. ఏడవకు. గాయం మానింది. బొటనవేలికీ ఉంగరంవేలికీ మధ్య గ్లాసు పట్టుకోవడం నేర్చుకున్నాను. చొక్కా గుండీలు నీ మరదలే పెడుతోంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత వైభోగం లేదు. ఒక్కటే చిక్కు, లేని వేలు దురద పెడుతుంది. గోకుదామంటే ఎక్కడ గోకాలో తెలియదు.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా చెబుదామనుకున్నాను. నీ గొంతు వినగానే "ఆఁ, అంతా బాగే" అని నోరు దానంతటదే అనేసేది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రావు కదా.

అసలు తలనొప్పి నష్టపరిహారం దగ్గర మొదలైంది. ఆఫీసు గుమాస్తా ఫారం ఇచ్చి, "నింపి సంతకం పెట్టవయ్యా, రెండు నెలల్లో పనైపోతుంది" అన్నాడు. పెట్టాను. అంటే, వేలిముద్ర వేశాను. నెల తిరక్కుండా బీమావాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చింది. బ్లేడు కిందికి చెయ్యి పోకుండా మిషన్‌కి ఉండాల్సిన ఇనుప జాలీని కార్మికుడే స్వయంగా తీసేసినట్టు ప్రమాదం రిపోర్టులో ఉందట. అందుచేత పరిహారం ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత అన్నది ఆలోచిస్తారట. నేనేదైనా చెప్పుకోదలిస్తే ముప్పై రోజుల్లో చెప్పుకోవాలట.

ఆ కాగితం ఎన్నిసార్లు చదివానో! చదివిన ప్రతిసారీ ఇంకొంచెం తక్కువ అర్థమయ్యేది. గుమాస్తాని అడిగితే, "లాయరు గీయరు అంటూ తిరగకు. లాయరు అడుగుపెట్టాడంటే రెండు నెలల పని రెండేళ్ళకి పోతుంది. కంపెనీ ఇచ్చింది కళ్ళకద్దుకుని తీసుకో" అన్నాడు. నిజమే అనిపించింది. మా షిఫ్టులో బండి నడిపే పొడుగాయనని అడిగితే, "లాయరు లేకుండా పోతే చేతిలో చిప్ప పెట్టి పంపిస్తారు గురూ. నీకు మాట్లాడ్డం వచ్చా? మొన్న క్యాంటీన్‌లో చిల్లర తక్కువిస్తే అడగలేకపోయావు" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. ఎవరు చెబితే వాళ్ళ వైపు తల ఊపి వచ్చేస్తుంటే నీ మరదలికి ఒళ్ళు మండింది. "నువ్వు మనిషివా, టేబుల్ ఫ్యానువా? ఒకవైపు నిలబడు" అంది. చెయ్యి పట్టుకుని తనే ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

జిరాక్స్ షాపు పైన చిన్న గది ఆవిడ ఆఫీసు. మేం మాట్లాడినంతసేపూ కింద మిషన్ చప్పుడు. కుర్చీల మీద కూడా ఫైళ్ళే. ఒక దొంతర దించితేగాని నాకు కూర్చోవడానికి చోటు దొరకలేదు. ముందు డబ్బేమీ అడగలేదు, గెలిస్తే వచ్చినదాంట్లో వంతు తీసుకుంటానంది. కాగితాలన్నీ చదివి కళ్ళద్దాలు తీసి, "సరే, ఒక్కటి చెప్పండి. జాలీ తీసింది మీరేనా?" అంది.

"కాదండీ."

"మరి ఎవరు?"

"గుర్తులేదండీ."

"పదకొండేళ్ళుగా అదే మిషన్ మీద ఉన్నారు. రోజూ కళ్ళెదురుగా ఉండే జాలీ ఆరోజు లేదు. ఎవరు తీశారో గుర్తులేదా?"

నేను నేల చూశాను. నీ మరదలు నన్ను చూసింది. "గుర్తొచ్చాక రండి" అని లాయరమ్మ ఫైలు మూసేసింది. మెట్లు దిగి నీ మరదలు ముందు నడిచింది. వీధి చివర ఆగి, "మీ అక్క మొగుడే కదూ?" అంది.

అవునక్కా. బావే.

ఎన్ని పేజీలు తిప్పి ఇక్కడికొచ్చానో చూశావు కదా. ఆ వారం ఆర్డరు ఆలస్యమైంది. జాలీ తెరిచినప్పుడల్లా మిషన్ ఆగిపోతుంది, తడి అట్టలతో ప్రతి ఐదు నిమిషాలకీ తెరవాల్సి వస్తోంది. సూపర్‌వైజరు కదా అని మేనేజరు రోజూ బావ నెత్తిన కూర్చున్నాడు. సోమవారం బావే స్పానర్ తెచ్చి జాలీ ఊడదీశారు. అది లేకపోయినా మిషన్ తిరిగేలా తీగ కట్టారు. "రెండ్రోజులు జాగ్రత్తగా లాగించెయ్యరా, మళ్ళీ బిగించేద్దాం" అన్నారు. నేను సరేనన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆస్పత్రికి నన్ను తీసుకెళ్ళిందీ ఆయనే. చెయ్యి గుడ్డలో చుట్టి దారంతా గట్టిగా పట్టుకునే ఉన్నారు. ఆ సాయంత్రమే ఆ రిపోర్టు రాసిందీ ఆయనే.

అప్పటినుంచీ ఆదివారాలు మా గడప తొక్కలేదు. ఏం తింటున్నారో నాకు తెలియదు. నీకు ఫోన్‌లో ఏం చెబుతున్నారో కూడా తెలియదు.

నా బుర్ర ఎలా ఉందో ఊహించు. లాయరును పెట్టుకుంటే ఆవిడ మొదటి ప్రశ్నే బావని గుచ్చుకుంటుంది. రిటైర్‌మెంటుకి ఏడాదిన్నర ఉంది ఆయనకి. పెట్టుకోకపోతే, జాలీ నేనే తీశానని నేనే ఒప్పుకున్నట్టు. ఈ చెయ్యి చూసి ఇంకోచోట ఎవరు పనిస్తారు? ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకుంటే, ఆస్పత్రి దారిలో నా చెయ్యి వదలని చెయ్యి గుర్తొస్తుంది. పోనీలే అనుకుంటే, ఆ రిపోర్టు గుర్తొస్తుంది. ఆ రెండూ ఒకే మనిషి పనులని ఇప్పటికీ నాకు బుర్రకెక్కడం లేదు.

పోయిన శనివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. చూస్తే బావ. గడ్డం పెరిగి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. గోడనున్న క్యాలెండరు చూస్తూ మాట్లాడారు.

"లాయరు దగ్గరికెళ్ళావంట?"

"వెళ్ళాను. ఏమీ చెప్పలేదు బావా."

"ఎందుకు చెప్పలేదు?"

కుర్చీ ఆయన వైపు జరిపాను. నీ మరదలు వంటింటి గుమ్మంలోంచి, "ఆయన చెప్పరు అన్నయ్యా. మీరే చెప్పండి" అంది.

బావ క్యాలెండరు పక్కన గోడకి చెయ్యి ఆన్చారు. తరవాత, "ఆరోజు రిపోర్టు రాస్తుంటే మేనేజరు పక్కనే కూర్చున్నాడురా. జాలీ నువ్వే తీసినట్టు రాస్తే కంపెనీకి మంచిది, నీ పరిహారం సంగతి తరవాత చూసుకుంటాం అన్నాడు. నేను రాశాను. అది తప్పని రాస్తున్నప్పుడే తెలుసు" అన్నారు. "నా అంతట నేను వెళ్ళి చెప్పే ధైర్యం నాకు లేదు. గేటు దాకా నాలుగుసార్లు వెళ్ళి వెనక్కొచ్చా. కానీ ఎవరైనా నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను. అడిగేవాళ్ళని పెట్టుకోరా."

వెళ్ళబోతూ మొదటిసారి నా చెయ్యి చూశారు. ఒక్క క్షణమే. "అక్కకి నేనే చెబుతా, నువ్వు తొందరపడకు" అన్నారు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. అందులో బావ గురించి నువ్వు రాసిన తీరు చూస్తే ఆయనింకా చెప్పలేదని అర్థమైంది. బహుశా అక్కడా గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నట్టున్నారు. అందుకే ఆయన మాట కాదని నేనే రాస్తున్నాను.

ఈ ఉదయం లాయరమ్మ దగ్గరికి వెళ్ళి వకాల్తా మీద ఎడమచేత్తోనే సంతకం చేశాను. "గుర్తొచ్చిందా?" అంది. "వచ్చిందండీ" అని అంతా చెప్పాను. రిపోర్టు రాసిన సూపర్‌వైజరు మీకేమవుతారని అడిగింది. "మా అక్క భర్త" అన్నాను. ఆవిడ పెన్ను ఆగింది. "ఆలోచించుకున్నారా?" అంది. ఆలోచించుకోలేదండీ, ఆలోచించే కొద్దీ చిక్కుపడుతోంది, అందుకే సంతకం చేసేశాను అన్నాను. నోటీసు సోమవారం ఫ్యాక్టరీకి వెళుతుంది.

మంచిపని చేశానో, మన రెండిళ్ళ మధ్య గోడ కట్టానో ఈ క్షణానికి నాకు తెలియదు. నిన్ను అనుమతి అడగడం లేదు, అది దాటిపోయింది. నువ్వు వచ్చి ఏం అన్నా పడతాను. కానీ ఒక్కటి చెయ్యి. ఉత్తరం చదవగానే నాకు కాదు, ముందు బావకి ఫోన్ చెయ్యి. తిట్టకుండా, ఏమీ తెలియనట్టు నటించకుండా, "ఏం జరిగింది?" అని నువ్వే అడుగు. లాయరు కన్నా ముందు నువ్వడిగితే ఆయనకి తేలికవుతుంది.

ఇట్లు,
నీ మీద భారం దించేసి తను కాస్త తేలికపడిన,
తమ్ముడు