ఓబులేసు మంచివాడని సంతకం

గుంతకల్లు
1958 మే, శుక్రవారం

పక్కింటి ఓబులేసుకు రైల్వేలో ఖాయం ఉద్యోగమట! నిన్నటిదాకా బొగ్గు కాంట్రాక్టరు దగ్గర నాతోపాటే గుమాస్తా. ఇక ఫోటో అంటించిన కార్డు చూపించి దర్జాగా రైలింజన్ల షెడ్డు గేటు దాటుతాడు. నేనేమో తొమ్మిదేళ్లుగా, మేస్త్రీ వచ్చి "మావోడే" అనేదాకా ఎండలో నిలబడుతున్నాను.

సాయంత్రం వాడి నడవడి విచారించడానికి కానిస్టేబులు మా ఇంటికే వచ్చాడు.

"ఓబులేసు ఎట్లాంటోడప్పా? మంచోడైతే ఈడ సంతకం పెట్టు. ఈ కాగితం పోతేనే ఆర్డరు వచ్చేది."

ఎంత వెతికినా వాడిలో వంక దొరకలేదు. అదే ఇంకా మండించింది.

"కళ్లజోడు ఆఫీసులో మరిచిపోయినాను సార్, సోమవారం రాండి" అన్నాను.

ఆ కళ్లజోడే పెట్టుకుని ఇది రాస్తున్నాను.