కుడి పైట

అమ్మా,

రేపు నీ సంవత్సరీకం. నా ఫోన్‌లో నీ ఫొటో ఒక్కటే ఉంది, శ్రీకూర్మం గుడి బయట మనిద్దరం దిగిన సెల్ఫీ. ఫ్రేము కట్టించడానికి దాన్ని తీస్తే, పక్కనే కూర్చున్న పిన్ని చూసి, "ఒసే, మీయమ్మ ఎడం పైట ఎప్పుడేసిందే? పుట్టుమచ్చేటి, ఈ బుగ్గ మీదకొచ్చీసినాది?" అంది.

సెల్ఫీ అద్దంలోలాగా తిరగబడి ఉందని అప్పుడు తెలిసింది. ఎడిట్‌లోకి వెళ్లి ఫ్లిప్ ఒక్కసారి నొక్కాను. మన వైపు పాతకాలం ఆడవాళ్లందరిలా నువ్వు వేసుకునే పైట కుడి భుజం మీదకి, మచ్చ దాని చోటికి వచ్చేశాయి. పిన్ని తన అక్కని చూసుకుని, కళ్లు తుడుచుకుని, "ఇదీ మా అప్ప" అంది.

నాకు ఏడుపు రాలేదు. విజయనగరంలో నా కాలేజీ ఫంక్షన్ గుర్తొచ్చింది. నాకు ప్రైజు ఇస్తున్నారని పొద్దున్నే కొత్త చీర కట్టుకుని తయారయ్యావు.

"అక్కడందరూ ఎడం పైటే ఏస్తారమ్మా. అలాగేసుకుంటేనే రా" అన్నాను.

అద్దం ముందు నిలబడి రెండుసార్లు మార్చి చూసుకున్నావు. "ఇలాగేస్తే నాకు సెయ్యాడదే. నువ్వెల్లొచ్చీ" అని చీర విప్పి మడతపెట్టేశావు. నేను వెళ్లిపోయాను. ఆ తర్వాత నన్ను ఏ ఫంక్షన్ గురించీ అడగలేదు నువ్వు.

ఏడాదిగా ఆ ఫొటో రోజూ చూస్తున్నాను. అందులో నువ్వు నేను రమ్మన్నట్టుగానే ఉన్నావు. నాకు ఏ తప్పూ కనబడలేదమ్మా.