ఏమీ రాయని ప్లాస్టర్ ముక్క

సుగుణక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ అరబ్బు దేశంలో, మన సూర్ ఊరి ఆసుపత్రి క్వార్టర్‌లో నీ మంచం మీదికి లీల అనే కొత్త నర్సు వచ్చింది. మంచి పిల్లే. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నీ రేడియో అద్దాన్ని స్పిరిట్‌తో తళతళలాడేలా తుడిచింది. ఏ స్టేషన్ ఎక్కడో గుర్తుకి నువ్వు పేర్లు రాసి అంటించిన ప్లాస్టర్ ముక్కలన్నీ పీకేసింది.

"మురికనుకున్నానక్కా," అంది. అరిచాను. ఏడ్చింది.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ముక్కలు చెత్తబుట్టలోంచి ఏరి, ముల్లు తిప్పి వింటూ, అన్నం మెతుకులతో మళ్ళీ అంటిస్తున్నాను. ఖవ్వాలీ దొరికింది. హిందీ సినిమా పాటలు, అరబ్బుల ఊద్ వాయిద్యం, నీకు గిట్టని ఇంగ్లీషు బ్యాండు, అన్నీ దొరికాయి.

నువ్వేమీ రాయని ముక్క ఒక్కటే మిగిలింది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఒకరోజు అది అంటించిన చోట తెలుగు పాట వినపడిందన్నావు.

"ఇంటిమీద బెంగతో నీ చెవుల్లో మోగుంటుంది," అని నవ్వాను.

"నువ్వు కూడా విన్నాక రాద్దాంలేవే," అన్నావు.

ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు చెవులు ఆనించినా అక్కడ గరగరే.

ఇప్పుడు ముల్లు ఎటు తిప్పినా గరగర ఒకేలా ఉంది. ముక్కకి పూద్దామని నలిపిన మెతుకు నా వేలిమీదే ఆరిపోతోంది. ఇన్నిట్లో నీ గరగర ఏదో ఎలా పోల్చుకోనక్కా?