ఆర్డిస్ లేని ఆగస్టు అంచనా

మానిటోవాక్, విస్కాన్సిన్
ఆగస్టు 24, ఆదివారం

గౌరవనీయులైన బావగారు నార్బర్ట్‌కు,

ఎల్డన్ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. ఈ మాట రాసేటప్పుడు కలం దానంతటదే 'మేము' వైపు పోయింది. సరిచేసుకున్నాను. అక్కడ మీరూ బెర్నడీన్ అక్కయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈసారి టమాటాలు విరగకాశాయి. పక్కింటివాళ్ళకి ఇస్తున్నాను. వాళ్ళు నన్ను చూసి తలుపేసుకునే రోజు దగ్గర్లోనే ఉంది.

మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలనుకుంటాను. ఆర్డిస్ ఉన్నన్నాళ్ళూ మీ అన్నాచెల్లెళ్ళ మధ్య ఫోను ఉండేది. నేను ఆ ఫోను పక్కన ఉండేవాణ్ణి. ఆగస్టు చివరి శుక్రవారం బయట చేపల భోజనం చేసి వచ్చాక, ఆర్డిస్ వంటింటి స్టూలు మీద కూర్చుని మీకు ఫోన్ చేసేది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మన ఉత్తర డివిజన్‌లోని నాలుగు జట్లలో ఈ ఏడు ఎవరు గెలుస్తారు, ఎవరు మట్టి కరుస్తారు అని మీ ఇద్దరి అంచనాలు. మీ నియమం నాకు కంఠతా వచ్చు. ఎదుటివాళ్ళ జట్టు సంగతి ముందు చెప్పాలి. దాని గురించి మనస్ఫూర్తిగా ఒక్క మంచి మాటైనా అనాలి. ఆ మాటలో వెటకారం వినిపిస్తే అవతలివాళ్ళు ఫోను పెట్టేయవచ్చు. సొంత జట్టు చిట్టచివర. మీరు ఎన్నిసార్లు ఫోను పెట్టేశారో నాకు గుర్తులేదు గానీ, పెట్టేసిన ప్రతిసారీ ఆర్డిస్ ఎంత సంతోషపడేదో గుర్తుంది.

పోయిన నెల బెర్నడీన్ అక్కయ్య ఫోన్ చేసింది. మీరు ఈ ఏడు ఆట చూడనన్నారట. టీవీ ఉన్న గదిలోకే పోవడం లేదట. "ఆ చికాగో జట్టు నీలం టోపీ తీసుకుపోయి చర్చివాళ్ళ పాతబట్టల పెట్టెలో పడేశాడయ్యా. నేను వెనకాలే వెళ్ళి తెచ్చాను. ఉతకనిచ్చేవాడు కాదు ఇన్నాళ్ళూ, ఇప్పుడు పారేయడానికి చేతులెలా వచ్చాయో!" అంది. ఎందుకు చూడవని అడిగితే, "చూసి ఎవరితో పోట్లాడను?" అన్నారట.

దానికి కొన్నాళ్ళకు నాకొక జవాబు తట్టింది. డిసెంబరు మొదటి ఆదివారం మీ చికాగో మా గ్రీన్ బేకి వస్తోంది. మీరు రండి. ఆర్డిస్ చోట్లో కూర్చోండి. నాతో పోట్లాడండి. ఈ ఉత్తరం అందుకే.

ఇది చిన్న కోరిక కాదని తెలుసు. మా స్టేడియంలో అడుగు పెట్టనని మీరు మీ నాన్నగారి ముందు ఒట్టేశారు. అక్కడ మా రెండు చోట్లకు ఏటా వచ్చే టికెట్లు మా నాన్నవి. ఆయన పోయాక నాకు వచ్చాయి. నాకు ఆట మీద ప్రేమ లేదని ఆయనకీ తెలుసు. ఆర్డిస్ మీ ఇంట్లో నీలం టోపీతో పెరిగి, పెళ్ళైన మొదటి శీతాకాలమే ఆకుపచ్చ టోపీ పెట్టుకుంది. మీ నాన్నగారు నెల్లాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున, "వాడు తాగుబోతైనా సర్దుకునేవాణ్ణి తల్లీ, గ్రీన్ బే వాడైపోయాడు" అన్నారు. వాడంటే నేనే. నిజానికి నేను ఏ బే వాణ్ణీ కాను. అన్నేళ్ళు స్టేడియం బెంచీ మీద కూర్చుని నేను చూసిన ఆట తక్కువ. ఆట చూస్తున్న ఆర్డిస్‌ని చూశాను.

కాబట్టి ఈ అంచనాలో తప్పులుంటే మన్నించాలి. మన్నించకపోయినా పరవాలేదు. ఫోన్ చేసి తిట్టినా సరే.

జూలై నుంచి పాఠం చదువుకున్నట్టు చదువుతున్నాను. పేపర్లు తెప్పిస్తున్నాను. మొదట ఒక చిత్తుప్రతి రాసుకుని, క్షవరం చేసే రోలీకి చదివి వినిపించాను. మిన్నెసోటా, డెట్రాయిట్, చికాగో, గ్రీన్ బే, టాంపా. రోలీ కత్తెర ఆపాడు. "మాస్టారూ, టాంపా ఏంటండీ? వాళ్ళు మన డివిజన్ వదిలి ఇరవై ఏళ్ళు దాటిపోతేనూ!" అన్నాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. ఒకాయన, "పోనీలే రోలీ, ఎండలు కాసే ఊరు కదా, చలికి తట్టుకోలేక ఆయన అట్టేపెట్టుకున్నాడు" అన్నాడు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళు ఆమె పక్కన కూర్చుని, ఎవరున్నారో ఎవరు వెళ్ళిపోయారో కూడా నేను పట్టించుకోలేదు. టాంపాను కొట్టేశాను. ఇక నలుగురే.

మీ చికాగో ముందు. మంచి మాట: మీ బంతి విసిరే కుర్రాడి చెయ్యి గొప్పది. ఇందులో వెటకారం లేదు. జనవరిలో ఆర్డిస్ ఆసుపత్రి మంచం మీంచే అతని ఆట చూసి మెచ్చుకుంది. మెచ్చుకున్న నోటితోనే తిట్టింది. "వదలరా నాయనా బంతిని! నువ్వు కన్న బిడ్డా ఏంట్రా అది, అలా పొట్టకి కరుచుకుని తిరుగుతున్నావ్?" నర్సు పరిగెత్తుకొచ్చింది. నొప్పా అమ్మా అంది. "నొప్పే. వాణ్ణి చూస్తుంటే" అంది ఆర్డిస్.

ఆ కుర్రాడికి ముందు కాపుకాసే ఐదుగురిలో ఈ వేసవి ముగ్గురిని మార్చారు. కొత్తవాళ్ళు బలమైనవాళ్ళే. కానీ ఒకరి అడుగు ఇంకొకరికి అలవాటు కావాలి. అది అక్టోబరు దాకా కాదని కర్ట్ అంటాడు. కర్ట్ అంటే బెంచీ మీద మా పక్కన కూర్చునే లావర్న్ కొడుకు. మనిషి గోదాములా ఉంటాడు. బడి రోజుల్లో అదే వరుసలో ఆడాడు. అప్పటికి మీవాళ్ళు నాలుగైదు ఆటలు పోగొట్టుకుని ఉంటారు. డిసెంబరు నాటికి ప్రమాదకరంగా తయారవుతారు. పదిహేడు ఆటల్లో ఏడు గెలుస్తారు. నాలుగో స్థానం.

చదివారా? నాలుగో స్థానం. ఫోను నంబరు మారలేదు.

మిన్నెసోటా. వాళ్ళ రక్షణ చూసి నాకు ముచ్చటేసింది. పదకొండు మందీ ఒకేలా నిలబడతారు. ఎవడు ముందుకొస్తాడో, ఎవడు వెనక్కి జారతాడో చివరి క్షణం దాకా తెలియదు. నేను బళ్ళో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, రంగు లేని ద్రావణం అంటే నాకు భయమూ గౌరవమూ. రోలీకి మాత్రం వాళ్ళంటే పడదు. "కప్పు కింద ఆడతారు, ఏసీలో. నెత్తిన పాతకాలపు ఓడదొంగల కొమ్ముల టోపీలు మాత్రం సముద్రం ఈదొచ్చినట్టు!" అంటాడు. వాళ్ళ సమస్య బంతి విసిరేవాడే. మంచివాడని అందరూ అంటారు. ఎక్కువ ఆడగా ఎవరూ చూడలేదు. తొమ్మిది గెలుపులు. మూడో స్థానం.

డెట్రాయిట్. ఆర్డిస్‌కి వాళ్ళంటే జాలి. వాళ్ళు ఏళ్ళ తరబడి ఓడినప్పుడు కూడా, "వాళ్ళకీ అమ్మానాన్నలుంటారు కదా ఎల్డన్" అని మూడో స్థానం ఇచ్చేది. ఇప్పుడు జాలి అక్కర్లేదు. ముందు వరుస గోడ. ఆ గోడ వెనక ఇద్దరు పరుగువీరులు, ఒకడు దారి చేసుకుంటాడు, ఇంకొకడు లేని దారిలో పోతాడు. నాలుగోదైన ఆఖరి ప్రయత్నంలో బంతిని అవతలివాళ్ళకి దూరంగా తన్నేసి బతుకుజీవుడా అనుకోవడం వాళ్ళకు రాదు. తెగించి ఆడతారు. అది ఒక్కోసారి వాళ్ళ కొంప ముంచుతుంది. అయినా పన్నెండు గెలుపులు. మొదటి స్థానం వాళ్ళదే.

మా గ్రీన్ బే చివర. రెండో స్థానం, పది గెలుపులు. అందరూ కుర్రాళ్ళు. బంతి పట్టేవాళ్ళు ఆరుగురు, ఎవడు ఏ రోజు పడతాడో ఎవరికీ తెలియదు, పట్టేవాళ్ళకి అసలే తెలియదు. లావర్న్ అంటుంది, "మనవాళ్ళు ప్రతి ఏడూ కుర్రాళ్ళే. ముసలాళ్ళవుతున్నది మనమే." డివిజన్‌లోని ఆరు ఆటల్లో మూడు గెలిస్తే చాలు. ఆ మూడింటిలో డిసెంబరు ఆట ఒకటి అని నా అంచనా. కాదని మీరంటే వచ్చి ఆ మాట నా చెవిలో అరవండి.

ఆర్డిస్ చోటు గురించి మీరు సంకోచిస్తారని తెలుసు. అందుకని పోయిన శనివారం సంగతి చెబుతాను. లెక్కలోకి రాని సన్నాహక ఆట ఒకటి జరిగింది. అక్కడ కుర్చీలు ఉండవు. పొడుగాటి లోహపు బెంచీ, దాని మీద నంబర్లు. ఎవరైనా రాకపోతే ఆ చోటు కాసేపట్లో మాయమవుతుంది. ఎవరూ కావాలని ఆక్రమించరు. పక్కవాళ్ళు కొంచెం కొంచెం సర్దుకుంటారు, అంతే. కర్ట్ పక్కన ఉంటే మరీ తొందరగా.

శనివారం మాత్రం కర్ట్ ఆటంతా ఒక తొడ మీదే కూర్చున్నాడు. ఆర్డిస్ నంబరు మీదికి అతని కోటు అంచు కూడా రాలేదు. మధ్యలో పైవరసలోంచి ఒకాయన దిగొచ్చి, "అమ్మా, ఖాళీయేనా?" అని అడిగాడు. లావర్న్ అతన్ని ఎగాదిగా చూసి, "కళ్ళు లేవా నాయనా? మనిషుంది కదా!" అంది. అతను బెంచీ వంక చూసి, లావర్న్ వంక చూసి, వెనక్కి పోయాడు. విరామంలో ఆమె చీజ్ ముక్కల పొట్లం విప్పి అలవాటు ప్రకారం అటు చాచింది. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత కర్ట్ అందులోంచి ఒకటి తీసుకుని, "ఆవిడ వాటా నేను తింటున్నానని చెప్పు" అన్నాడు. "నువ్వు అందరి వాటా తింటావు, కొత్తేముంది" అంది ఆమె. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. గ్రీన్ బే ఆ ఆట ఓడింది. ఎవరికీ పట్టలేదు.

అలాంటి మనుషుల మధ్య కూర్చోవడం కష్టం కాదు బావగారూ. నీలం టోపీతో వచ్చినా కాపాడతారు. తిట్లు మాత్రం పడతాయి. అందులో కర్ట్‌కి మంచి పేరుంది. మీరు ఊరుకోరు. ఆర్డిస్ మీ ఇద్దరినీ కలపాలని ఎన్నాళ్ళుగానో అనుకునేది.

ముందు రోజే వచ్చేయండి. అక్కయ్య వస్తే మరీ సంతోషం, స్టేడియానికి రానంటే ఇంట్లో వెచ్చగా ఉండవచ్చు. కాళ్ళకి రెండు జతల ఉన్ని మేజోళ్ళు తెచ్చుకోండి. కింద వేసుకోవడానికి అట్టముక్కలు నేను తెస్తాను. ఆ కాంక్రీటు చలి బూట్లలోంచి ఎక్కుతుంది. మా ఊరి సాసేజీలు మీ చికాగో వాటికంటే మంచివి. ఇది కూడా అంచనాలో భాగమే. కాదంటే చెప్పండి.

ఒట్టు సంగతి మీరే తేల్చుకోవాలి. మీ నాన్నగారు ఉంటే ఏమనేవారో నాకు తెలియదు. ఆర్డిస్ ఏమనేదో మాత్రం తెలుసు. "అన్నయ్యా, ఓడిపోతారని భయమా?" అనేది.

శుక్రవారం చేపలు తిని త్వరగా ఇంటికి వస్తాను. ఫోను మోగితే తీస్తాను. మీరు పెట్టేసినా పరవాలేదు, మళ్ళీ చేస్తే మళ్ళీ తీస్తాను.

బెర్నడీన్ అక్కయ్యకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త,
ఎల్డన్

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. మీ నియమం ప్రకారం వెటకారమే పనికిరాదు, అబద్ధం ఎలా పనికొస్తుంది?

శనివారం నేను లోపలికి వెళ్ళలేదు. ఎప్పటిలాగే స్టేడియం ఎదురు వీధిలో, ఒకాయన ఇంటి ముందు పచ్చిక మీద కారు నిలిపాను. గేటు దాకా నడిచాను. టికెట్లు చూసే అమ్మాయి, "ఒక్కరేనా సార్?" అంది. అందరినీ అడిగే మాటే. వెనక్కి వచ్చేశాను. ఆ ఇంటాయన ఒక మడత కుర్చీ తెచ్చి వేశాడు. ఆట అయ్యేదాకా అందులో కూర్చున్నాను. లోపల్నుంచి అరుపులు వినిపించాయి. ఎందుకు అరుస్తున్నారో తెలియలేదు. ఎప్పుడూ ఆవిడే చెప్పేది.

బెంచీ మీద జరిగినదంతా తర్వాత లావర్న్ అక్కడే నిలిపిన తన కారు కోసం వచ్చి చెప్పింది. వాళ్ళు కాపాడింది ఒక్క చోటు కాదు, రెండు. కర్ట్ ఒక తొడ మీద కూర్చున్నది నాకోసం కూడా. "వచ్చే ఆటకైనా వస్తావా ఎల్డన్?" అని ఆమె అడిగింది. వస్తానన్నాను. ఆ గేటు తలుచుకుంటే ఆ మాట నిలబెట్టుకోగలనని ఇప్పటికీ నమ్మకం లేదు.

మీకు తోడు కావాలని పైన అంత రాశాను. తోడు కావలసింది నాకు. డిసెంబరులో రండి బావగారూ. నన్ను లోపలికి తీసుకుపోండి.