బదులు పిలుపు

అమ్మకు నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. అంటే తిండి సహిస్తోంది, నిద్ర పడుతోంది, కొత్త బూట్లు కరవడం మానేశాయి. నువ్వూ తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను, లేకపోతే నా మాటలు గాలికి వదిలేశావంటావు. శిక్షణ ముగిసే పెరేడు రోజున మిమ్మల్ని రేకుల పందిరి కింద కూర్చోబెడతారు, ఎండ తగలదు. ఆసుపత్రి లాండ్రీలో మీ పెద్దావిడ నీకు సెలవిచ్చిందంటే నమ్మలేకపోతున్నాను, ఏ లోకాన ఉందో ఆవిడ ఆ రోజు! తుపాకీ ఇంటికి తేనివ్వరని తమ్ముడికి చెప్పు. కనీసం బెల్టయినా అంటాడు, అదీ తిరిగిచ్చేయాలి.

వెండి పిడి కత్తి సంగతి నిజమే. ఈ బ్యాచిలో నాయకత్వానికి ఇచ్చే కత్తి నాకే ఇస్తారట. వీధి వీధంతా చెప్పేశానని రాశావు. అంత తొందరెందుకమ్మా నీకు?

నాయకత్వం ఎలా నేర్పుతారే, పాఠాలు చెప్తారా అని అడిగావు. చెప్తారు, కానీ అసలు చదువు మైదానంలోనే. మా జట్టులో పదిమందిమి, నేను నాయకురాలిని. జట్టులో ఎవరు తప్పు చేసినా, దుప్పటి సరిగ్గా మడవకపోయినా, వరసలోకి ఆలస్యంగా వచ్చినా, శిక్ష ఒక్కరికే. ఇసుక బస్తా భుజాన వేసుకుని మైదానం చుట్టూ పరుగెత్తాలి. ఆ ఒక్కరు ఎవరో నేను పిలవాలి, తప్పు చేసినవాళ్లే కానక్కర్లేదు. దీన్ని బదులు పిలుపంటారు. నన్ను నేను పిలుచుకోకూడదు. మొదటిరోజే డ్రిల్లు మాస్టారు చెప్పాడు: "రేపు యుద్ధంలో ఎవరినో ఒకరిని ముందుకి పంపాల్సింది నువ్వే. నేను పోతానంటే కుదరదు. పిలవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకో." అలవాటు చేసుకున్నాను.

ఇక నిచ్చెన గురించి అడిగావు. సెలవుల్లో మనింటికి వచ్చి, వచ్చీరాగానే గుమ్మానికి నుదురు కొట్టుకుని, నీచేత పసుపు పెట్టించుకున్న మా పొడుగు పిల్ల. అది నీ రెండో కూతురని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఈ కాగితం రెండుసార్లు మార్చాను. నిద్ర పడుతోందని పైన రాశానే, అది అబద్ధం. నిచ్చెన మోకాలు పోయిందమ్మా. ఇక్కడి ఆసుపత్రి వార్డులో ఉంది.

నావల్లే పోయింది.

మొదటివారం నేను ఇంకో అమ్మాయిని పిలిచాను. పరుగెత్తి వచ్చి, నావైపు చూడకుండా పోయి పక్కమీద పడుకుంది. రెండు రోజులు జట్టులో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. నా సంగతి నీకు తెలుసుగా, ఎవరైనా మొహం ముడుచుకుంటే నాకు ముద్ద దిగదు. అప్పుడు నిచ్చెనే వచ్చి, "ఈసారి నన్ను పిలువు, నాకేం కాదులే" అంది. పిలిచాను. నవ్వుతూ పరుగెత్తింది. ఇక ఆ తర్వాత పిలిస్తే దాన్నే పిలిచాను. అందరూ నాతో బాగానే ఉండేవారు, మా అక్కంత మంచి నాయకురాలు లేదనేవారు. ఆ మంచితనమంతా దాని భుజం మీదే నడిచింది. వరసగా ఒకరినే పిలవాలంటే ముందు డాక్టరుకు చూపించాలని నియమం ఉంది. నేను చూపించలేదు. మాస్టారు అడగలేదు. మా జట్టు అన్నిట్లో ముందుందిగా, ఆయనకెందుకు!

పోయినవారం బస్తాతో మలుపు దగ్గర కూలబడిపోయింది. డాక్టరుతో మాత్రం స్నానాలగదిలో జారానని చెప్పింది. ఎందుకో తెలుసా? నా కత్తి కోసం, నేను నియమం తప్పానని తేలితే అది నాకు రాదుగా. శిక్షణలో తగిలిన దెబ్బయితే కాలు బాగయ్యాక వచ్చే బ్యాచితో మళ్లీ చేర్చుకుంటారు. స్నానాలగదిలో జారితే నేరుగా ఇంటికే, ఇక తీసుకోరు. ఎల్లుండి వైద్యుల బోర్డు కూర్చుంటుంది. ఆరోజుతో దాని కథ ముగుస్తుంది.

వార్డులో దాని పక్కన కూర్చుని నిజం చెప్పేస్తానన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నోర్మూసుకో. ఇద్దరం మునగడం దేనికే? ఒక్కదానివైనా ఒడ్డెక్కు" అంది. ఇంకా నవ్వుతోందమ్మా అది! నా చెంప పగలగొట్టినా బాగుండేది.

మాస్టారు దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి, "పోయి బెల్టు మెరిపించుకో" అన్నాడు. రెండోసారి తలుపు దగ్గరికి వేసి, "నువ్వు నోరు విప్పితే నాకు పైవాళ్ల చీవాట్లు, నీకు ఇంటిదారి. నీ జట్టు పరువు కూడా పోతుంది. ఆలోచించుకో" అన్నాడు. డాక్టరును కలవాలంటే ఆయన చీటీ కావాలి. పైఅధికారి మేజరుగారిని కలవాలన్నా మాస్టారి చీటీయే. ఫోను చేసుకునేటప్పుడు పక్కనే నిలబడతాడు. జట్టులో వాళ్లు నన్ను చూసి తల తిప్పుకుంటున్నారు, వాళ్లకూ తెలుసు, వాళ్లకూ భయమే. పెరేడు రిహార్సల్లో రోజూ నాచేత ఉత్తుత్తి కత్తి ఎత్తిస్తున్నారు. చప్పట్లు కూడా కొట్టిస్తున్నారు.

నీ ఉత్తరాలు వాతావరణ వార్తల్లా ఉంటాయే అని సణుగుతుంటావు కదా. ఇక్కడ కవరు అంటించకుండా ఇవ్వాలమ్మా. డబ్బాలో వేస్తే అన్నీ అదేరోజు మేజరుగారి బల్లమీదికి పోతాయి. ఆయన ప్రతి ఉత్తరమూ చదివి, ముద్ర కొట్టి, సంతకం చేసి పంపాలి. చించేయడానికి ఆయనకు అధికారం లేదు. సంతకం పెట్టాక తెలియదనడానికీ లేదు. నన్ను ఆ గుమ్మం తొక్కనివ్వరు గానీ, నీకు రాసిన ఉత్తరాన్ని ఎవరాపుతారు?

సార్, ఇంతదాకా చదివారు కాబట్టి చెప్తున్నాను. ఆ మోకాలు మైదానంలో పోయింది, నా పిలుపు మీద పోయింది. అబద్ధం ఆమె నోట వచ్చినా, ఆడింది నాకోసం. ఎల్లుండి ఆమెను పంపేయకముందు నన్ను బోర్డు ముందు నిలబెట్టండి. నన్ను నేను పిలుచుకోకూడదన్నది ఇక్కడి పద్ధతి. ఈ ఒక్కసారికి పిలుచుకుంటున్నాను.

అమ్మా, వీధిలో వాళ్లకేం చెప్పాలో నాకు తోచడం లేదు. నీ సెలవు ఇంకో రోజుకు మార్చుకో, నేను ట్రంకుపెట్టెతో దిగితే స్టేషనుకు రావాలిగా. నన్ను ఎంతైనా తిట్టు, పడతాను. ఇది డబ్బాలో వేయడానికే పోతున్నాను. చాలా భయంగా ఉందమ్మా.

ఇట్లు,
నీ పెద్ద కూతురు