క్యామ్‌షాఫ్టు మీది గీత

చిలకలూరిపేట, శుక్రవారం

అక్కా, దేవుని కాపుదలలో మీరంతా క్షేమమని తలుస్తాను. పొద్దున బావకి ఫోన్ చేసి బండి తియ్యొద్దని మాత్రం చెప్పాను. ఎందుకో నోటితో చెప్పలేక కార్డు రాస్తున్నాను.

యలమంద మాస్టారు లడఖ్ వెళ్దామని, తన పెద్ద బండి ఇంకా బాగా లాగాలని, ఇంజన్లో వాల్వుల్ని తెరిచి మూసే కొత్త క్యామ్‌షాఫ్టులు తెప్పించారు. నిన్న నేనే బిగించాను. వాటి చక్రం మీది గీత ఇంజన్ మీది గీతకి కలిసిందనుకుని స్టార్ట్ చేస్తే, లోపల టకటకా కొట్టుకుని ఇంజన్ ఆగిపోయింది. విప్పి చూస్తే వాల్వులు వంగిపోయాయి. ఆ చక్రానికి గొలుసు రెండు పళ్లు తేడాగా ఎక్కించానక్కా. ఆర్నెల్లుగా నా కంటికి ఒక గీత రెండుగా కనపడుతోంది, ఎవరికీ చెప్పలేదు.

మాస్టారికి నిజం చెప్పేశాను. ఆయన ఇంజన్ మాటే ఎత్తలేదు. "మా మనవరాలి స్కూటర్‌కి బ్రేకులు బిగించింది కూడా నువ్వే కదయ్యా?" అన్నారు. బావ బండికీ నేనే బిగించాను, వేరే మెకానిక్‌కి చూపించండి. ఇరవై రెండేళ్ల షెడ్డు, ఇవాళ షట్టర్ దించేశాను. ఇంకే పని చేసి బతకాలో తోచడం లేదు.

కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పారా? ఇక్కడ మబ్బు పట్టింది. అమ్మ కాళ్ల వాపు తగ్గిందా? ఒంగోలులో కంటి డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కో. మేనకోడలు జెస్సీకి నా దీవెనలు. ఆదివారం గుడిలో నా పేరున ప్రార్థన చేయించు, ఎందుకో మాత్రం అమ్మకు తెలియనివ్వకు.

నీ తమ్ముడు
ఎలీషా